మూడో అట్ట: ఒకటి, ఐదు

తప్పు జవాబు చెప్పినవాళ్ళకు సీటిచ్చి, ఒప్పు జవాబు చెప్పిన అమ్మాయిని ఇంటికి పంపబోయిన పరీక్ష ఒకటి నా సర్వీసులో జరిగింది. ఇప్పుడు శిక్షణ కేంద్రాల్లో కొత్తగా చేరిన ఇన్‌స్ట్రక్టర్లు ఎక్కడైనా కలిసినప్పుడు, మీ కాలంలో అన్నీ నిక్కచ్చిగా ఉండేవట కదా సార్ అంటుంటారు. ఉండేవి. ఎంత నిక్కచ్చిగా ఉండేవో వాళ్ళకు తెలియాలనే ఈ సంగతి రాస్తున్నాను.

తొంభైల మధ్యకాలం. బెంగుళూరులో యంత్రాలు తయారుచేసే ఒక కర్మాగారం, దాని ఆవరణలోనే ఒక మూల అప్రెంటిస్‌ల శిక్షణ కేంద్రం. పదో తరగతి పాసైన పిల్లలకు ఏటా ఒక ప్రవేశ పరీక్ష పెట్టి తీసుకునేవాళ్ళం. పని నేర్చుకుని బయటికి వచ్చినవాళ్ళలో చాలామందికి ఆ కర్మాగారంలోనే ఉద్యోగం దొరికేది. నేను అక్కడ లెక్కలు చెప్పేవాణ్ణి. లెక్కలంటే మరీ పెద్దవేం కావు. ఇనుమును కొలవడానికి, కోయడానికి, కాల్చడానికి ఎంత కావాలో అంత.

మా సూపరింటెండెంటుది గుంటూరు వైపు. ఇస్త్రీ మడత చెదరని చొక్కా, మెల్లని మాట. ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. ఆయన దగ్గర మినహాయింపు పొందినవాళ్ళూ లేరు. ఆయనంటే బెదరని మనిషి మా కేంద్రంలో ఒక్కడే, ఇనుప కడ్డీలను తిప్పుతూ చెక్కే లేత్ సెక్షన్ మేస్త్రి. మేస్త్రిది మాలాగే తరాల కింద బెంగుళూరు పేటల్లో స్థిరపడ్డ తెలుగు కుటుంబం. తెలుగు ఎక్కడ ఆగి కన్నడం ఎక్కడ మొదలవుతుందో ఆయన మాటల్లో కనిపెట్టడం కష్టం. చేతిపని చూస్తే ముచ్చటేసేది కానీ, నోట్లో మాట మాత్రం నిలిచేది కాదు. ఉదయం ఆయన చెవిన పడిన విషయం మధ్యాహ్నానికల్లా క్యాంటీన్ వంటవాడికి కూడా తెలిసిపోయేది.

ప్రవేశ పరీక్షలో ఒక గ్రాఫ్ ప్రశ్న తప్పకుండా ఉండాలన్నది సూపరింటెండెంటు పెట్టిన నియమం. దానికి కారణం ఉంది. ఉక్కు పనిముట్టును కాల్చి చల్లార్చాక, పెళుసుదనం పోవడానికి మళ్ళీ కొంచెం వేడి చేస్తారు. ఎంత వేడి చేస్తే ఎంత గట్టిదనం మిగులుతుందో చెప్పే గీత ఒకటి కొలిమి పక్కనే గోడకు వేలాడుతుంటుంది. అంతకు ముందు ఒక కుర్రవాడు ఆ గీతను తప్పు చదివి, ఒక గంపెడు పనిముట్లను పప్పుచెక్కల్లా పుటుక్కున విరిగేట్టు చేసి పెట్టాడు. అప్పటినుంచి గ్రాఫ్ చదవడం రానివాడు గేటు లోపలికి రాకూడదని ఈయన పట్టు.

ఆ ఏడాది ప్రశ్నలో ఒక చిన్న కొండలాంటి గీత అచ్చువేశారు. దానికింద రెండు ప్రశ్నలు. మొదటిది, f(3) ఎంత? లెక్కలతో పరిచయం పోయినవాళ్ళ కోసం చెబుతున్నాను, అడుగున ఉన్న అంకెల్లో 3 దగ్గర నిలబడాలి, నిటారుగా పైకి వెళ్ళి గీతను తాకాలి, అక్కడినుంచి ఎడమవైపు చూస్తే ఎంత ఎత్తులో ఉన్నామో తెలుస్తుంది. ఆ గీతకు 3 దగ్గర ఎత్తు 7. అదే జవాబు. రెండో ప్రశ్న దీనికి తిరగేసినది. ఎత్తు 6 ఉండేది ఎక్కడెక్కడ? ఇది కొంచెం కష్టం, ఎందుకంటే కొండ ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి, 2 దగ్గరా 4 దగ్గరా ఆ ఎత్తు వస్తుంది. చాలామంది మొదటిది రాసి రెండోది వదిలేస్తారు.

పేపర్లు దిద్దుతుంటే ఐదుగురి దగ్గర సూపరింటెండెంటు ఆగిపోయాడు. ఐదుగురూ కష్టమైన రెండో ప్రశ్నకు సరిగ్గా రాశారు. సులభమైన మొదటి ప్రశ్నకు ఐదుగురూ 7 అని రాయకుండా "1, 5" అని రాశారు. ఒక చోట ఒకే ఎత్తు ఉంటుంది, రెండు జవాబులు రావడానికి వీల్లేదు. పైగా ఐదుగురూ ఆనేకల్ పక్క ఒకే ఊరివాళ్ళు, ఒకే స్కూలు, దరఖాస్తులు కలిసి పంపడంతో హాల్లో ముందూ వెనకా కూర్చున్నవాళ్ళు.

"మాస్టారూ, ఐదుగురికీ ఒకే తప్పు వచ్చిందంటే తప్పు చేసింది ఒక్కరు. మిగతా నలుగురూ ఎక్కించుకున్నారు," అన్నాడాయన. కోపంగా అనలేదు. మైక్రోమీటరు చూసి కొలత చెప్పినట్టు చెప్పాడు.

కాపీ అని తేలితే ఐదుగురి పేర్లూ కొట్టేస్తారు. మిగతా ప్రశ్నల్లో అందరికీ మంచి మార్కులే వచ్చాయి, ఈ ఒక్క అనుమానం లేకపోతే ఐదుగురికీ సీట్లు ఖాయం. దరఖాస్తులు తిరగేసి చూశాను. నలుగురు అబ్బాయిలు, ఒక అమ్మాయి. అమ్మాయికి మా వయసు నిబంధన ప్రకారం అదే ఆఖరి ఏడు. తండ్రి వృత్తి అన్నచోట మగ్గం నేత అని ఉంది. అబ్బాయిల్లో ముగ్గురిదీ అదే, తండ్రి లేని ఒకడి దగ్గర ఖాళీగా ఉంది. ఆ ఊళ్ళో మగ్గాలు ఒకటొకటే మూతపడుతున్న రోజులవి. ఇక్కడ సీటు రాకపోతే ఆ పిల్ల మగ్గానికి నూలు కండెలు చుట్టుకుంటూ పెళ్ళిదాకా ఇంట్లో కూర్చుంటుంది. ఇంకో దారి ఏమైనా ఉందేమో కానీ నాకు తట్టలేదు.

తండ్రి వృత్తి చదివాకే నాకు ఆ "1, 5" ఎక్కడిదో తెలిసింది. ఎందుకంటే నేను పుట్టింది కూడా మగ్గం ఇంట్లోనే.

చీర అంచుమీద నేయాల్సిన డిజైన్‌ను ముందు గళ్ళకాగితం మీద రంగు గళ్ళుగా వేస్తారు. దాన్ని చూసి అట్టలకు చిల్లులు కొట్టి, ఆ అట్టలను మగ్గం పైన జాకార్డు అనే సాధనానికి తగిలిస్తారు. కాగితంలో ఒక్కో అడ్డవరసకు ఒక్కో అట్ట. మా ఇంట్లో అమ్మ కాగితం చదివేది, నాన్న అట్టలు కొట్టేవాడు. కాగితం ఎడమ అంచున వరసల నంబర్లుంటాయి. అమ్మ ముందు అక్కడ వేలుపెట్టి, ఆ వరసలోకి అడ్డంగా వెళ్ళి, రంగున్న గళ్ళు పైకి చదివేది. మూడో అట్ట: ఒకటి, ఐదు. నాలుగో అట్ట: రెండు, నాలుగు. ఆ పాట వింటూ నేను నిద్రపోయేవాణ్ణి. మగ్గం ఇళ్ళలో అంకె చెబితే అది ఎప్పుడూ వరస నంబరే. నిలువు గీతకు నంబరు చెప్పి పైకి చూడమని మా ఇంట్లో ఎవరూ ఎవరినీ అడగలేదు. ఆ పిల్లలకు మా పరీక్షలోని కొండ అచ్చం చీర మీది గోపురం అంచులా కనబడి ఉంటుంది. 3 అనగానే మూడో వరసకు వెళ్ళారు, గీత ఒకటో గడిలోనూ ఐదో గడిలోనూ తగిలింది, రాసేశారు. రెండో ప్రశ్నలో 6 అన్నది నిజంగానే వరస కాబట్టి అది ఒప్పయి కూర్చుంది.

ఇదంతా సూపరింటెండెంటుకు చెప్పాను. ఆయన మధ్యలో అడ్డురాకుండా విని, కాగితం మీద తను కూడా ఒకసారి అలా చదివి చూసుకున్నాడు.

"మీరు చెప్పింది నిజమే కావచ్చు. నిజమని తేలాలి కదా," అన్నాడు.

తేల్చడానికి మార్గం నేనే చెప్పాను. ఐదుగురినీ మళ్ళీ పిలిపించి, ఒక్కొక్కరినే గదిలోకి రమ్మని, కొత్త గ్రాఫ్ ఒకటి ఇచ్చి ఇలాంటి ప్రశ్నే అడుగుదాం. నిజంగా మగ్గం చదువు చదివేవాళ్ళయితే మళ్ళీ అదే రకం తప్పు చేస్తారు. పక్కవాడిది చూసి రాసినవాడైతే ఒప్పు చెబుతాడు, లేదంటే ఇంకేదో చెబుతాడు, ఆ తప్పు మాత్రం చేయలేడు. సూపరింటెండెంటు ఒప్పుకున్నాడు. ఒక్కటే షరతు పెట్టాడు. దేన్ని చూసి తేలుస్తున్నామో మా ఇద్దరికి తప్ప ఇంకెవరికీ తెలియకూడదు. ముఖ్యంగా మేస్త్రికి.

ఆ మాట మీద ఇద్దరం నవ్వుకున్నాం కూడా.

పిల్లలు పొద్దున్నే ఆనేకల్ బస్సులో కలిసి వచ్చారు. గ్రాఫ్ మీద చిన్న పరీక్ష ఇంకొకటి ఉందని మాత్రమే వాళ్ళకు చెప్పాం. లేత్ షాపు పక్కనున్న తరగతి గదిలో సూపరింటెండెంటూ నేనూ కూర్చున్నాం. పిల్లలు వరండాలో బెంచీ మీద ఉన్నారు. లోపలికి వచ్చి వెళ్ళినవాడు వెనక తలుపులోంచి క్యాంటీన్‌కు పోవాలి, బెంచీ దగ్గరికి తిరిగి రాకూడదు. ఇది ఆయన ఏర్పాటు. కొత్త గ్రాఫ్ ఇంకొంచెం పెద్ద కొండ. f(5) ఎంత అన్నది ప్రశ్న. సరైన జవాబు 8. మాకు కావలసిన జవాబు "2, 6".

మొదటివాడు వచ్చాడు. కాగితం చూశాడు, పెదాలు కదిపాడు, రెండు, ఆరు అన్నాడు. సూపరింటెండెంటు నావైపు చూడకుండా టిక్కు పెట్టాడు. ఒక పిల్లవాడు తప్పు చెప్పినందుకు నాకు అంత సంతోషం కలగడం అదే మొదలు. రెండోవాడూ అంతే. మూడోవాడు కొంచెం సేపు తీసుకున్నాడు, కానీ చివరికి అక్కడికే వచ్చాడు. నాలుగోవాడు నోట్లో ఏదో గొణుక్కుంటూనే లోపలికి వచ్చి, చకచకా రెండు, ఆరు అని చెప్పి వెళ్ళిపోయాడు. మిగిలింది అమ్మాయి ఒక్కతే.

అప్పుడే హెడ్డాఫీసు నుంచి సూపరింటెండెంటుకు ఫోను వచ్చింది. ఆయన పక్కగదిలో మాట్లాడి వచ్చేదాకా ఆగాం. ఆ కాసేపట్లో వరండాలో ఏం జరిగిందో మాకు తర్వాత తెలిసింది.

అమ్మాయి వచ్చి కూర్చుంది. లంగా ఓణీ, ఒళ్ళో పరీక్ష అట్ట పట్టుకుని ఉంది. గ్రాఫ్ ముందుపెట్టి ప్రశ్న అడిగాను. కాగితం వైపు చాలాసేపు చూసింది. చూపుడువేలు ఎత్తింది, ఆగింది, కిందికి తెచ్చి మెల్లగా పైకి జరిపింది.

"ఎనిమిది సార్," అంది.

మా కేంద్రంలో ఆ రోజు వచ్చిన సరైన జవాబు అదొక్కటే. సూపరింటెండెంటు కలం కిందపెట్టి, అదే మెల్లని గొంతుతో, మొన్న హాల్లో మూడుకు ఒకటి, ఐదు అని ఎందుకు రాశావమ్మా అని అడిగాడు. అమ్మాయి ఒళ్ళో ఉన్న అట్ట వైపు చూసింది. పక్కవాళ్ళది చూశావా అన్నాడు. తల వంచుకుంది, కళ్ళలో నీళ్ళు తిరిగాయి, నోరు మాత్రం విప్పలేదు. చూడలేదని ఒక్క మాట అంటే నేను అందుకుని ఏదో ఒకటి మాట్లాడగలను. ఆ ఒక్క మాట రాలేదు. పెద్ద అధికారి ముందు పల్లెటూరి పిల్ల, భయంతో బిగుసుకుపోయిందనుకున్నాను.

ఆమెను అక్కడే కూర్చోమని ఇద్దరం వరండాలోకి వచ్చాం. బెంచీ ముందు గచ్చుమీద నీలంరంగు సుద్దతో అడ్డగీత, నిలువుగీత, వాటి మధ్య ఒక వంపు, అడుగునుంచి పైకి వెళ్ళే బాణం గుర్తు. నీలం సుద్ద మా కేంద్రంలో ఒక్కరి జేబులోనే ఉంటుంది. ఆ జేబు మనిషి కూడా అక్కడే, టీ గ్లాసు పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"పాస్ ఆయెనా సార్?" అన్నాడు మేస్త్రి. ముఖం వెలిగిపోతోంది. "పాపం, ఒంటిగా కూర్చోనుండాది. ఏమమ్మా అడుగుతా ఉండారు లోపల అంటే, గ్రాఫ్ అనె. ఎట్ల చూస్తావో చెప్పమంటే అంతా ఉల్టా చెప్పె. అట్ల కాదమ్మా, కింద అంకె చూసి ఆమీద పైకి పోవాల అని చెప్పినా. ఒకేసారికి పట్టేసె సార్, బుద్ధిమంతురాలు."

సూపరింటెండెంటు వంగి గచ్చుమీది బాణాన్ని చూశాడు. మేస్త్రి ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి, టీ తాగుతారా సార్ అన్నాడు.

లోపలికి వెళ్ళబోతూ సూపరింటెండెంటు నాతో అన్న మాట నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఆ పిల్లకు తెలియదని నేను నమ్ముతున్నాను మాస్టారూ. కానీ ఇప్పుడు తెలిసిపోయింది. తెలిసిపోయిన మనిషికి నిన్నటిదాకా తెలియదని ఎట్లా రుజువు చేస్తాం? తేలనివాళ్ళను తీసుకోకూడదని రూలు."

ఆయనలో నాకు నచ్చనిదీ నచ్చేదీ ఒకటే. రూలు తనకే కష్టంగా ఉన్నప్పుడు కూడా దాన్ని పక్కన పెట్టేవాడు కాదు. ఆయనతో వాదించి లాభం లేదు. జాలి చూపించమని అడిగితే ఇంకా బిగుసుకుంటాడు. ఆయనకు కావలసింది రుజువు, అంతే.

నేను మళ్ళీ గదిలోకి వచ్చి కూర్చున్నాను. ఎనిమిది అని చెప్పేముందు ఆ పిల్ల వేలు ఎత్తి ఆపిందని అప్పుడు గుర్తొచ్చింది. ఎక్కడికి పోబోయి ఆగింది?

లేచి నల్లబల్ల మీద పెద్ద గ్రాఫ్ గీశాను. అడుగునా ఎడమ అంచునా ఒకటినుంచి పది దాకా అంకెలు వేసి, మధ్యలో ఎత్తుపల్లాలతో ఒక పొడవాటి గీత గీశాను. అమ్మాయిని బల్ల దగ్గరికి పిలిచి, నేను అంకె చెబుతాను, నువ్వు వేలితో చూపిస్తూ జవాబు చెప్పు, తొందరగా చెప్పాలి, తప్పయినా పరవాలేదు అన్నాను. సూపరింటెండెంటును ఒక్కటే కోరాను. జవాబు వినవద్దు, వేలు మాత్రం చూడండి అని.

ఏడు అన్నాను. ఆమె వేలు నేరుగా ఎడమ అంచున ఉన్న ఏడు మీదికి పోయింది. అక్కడ ఉలిక్కిపడినట్టు ఆగింది. వెనక్కి వచ్చి, అడుగున ఉన్న ఏడు వెతుక్కుని, పైకి వెళ్ళింది. జవాబు సరిగ్గానే చెప్పింది. నాలుగు అన్నాను. మళ్ళీ ముందు ఎడమకే పోయింది, మళ్ళీ ఆగింది, మళ్ళీ కిందికి వచ్చింది. నేను వేగం పెంచాను. తొమ్మిది, రెండు, ఆరు. ఎంత తొందరపెడితే అంత ఖాయంగా వేలు ముందు ఎడమ అంచుకు పరుగెత్తేది. ఆమె పళ్ళ బిగువున దాన్ని వెనక్కి లాక్కుని మేస్త్రి చెప్పిన దారిలో పెట్టేది. జవాబులన్నీ ఒప్పే, చెయ్యి మాత్రం మగ్గం ఇంటిది. మా అమ్మ చెయ్యి కూడా సరిగ్గా అక్కడికే పోయేది.

సూపరింటెండెంటు ఎప్పుడు లేచాడో నేను చూడలేదు. చూసేసరికి బల్ల పక్కనే నిలబడి ఉన్నాడు, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని.

"చాలమ్మా, వెళ్ళు," అన్నాడు. ఆమె వెళ్ళాక నాతో, "చేతి అలవాటు ఎవరి పేపర్లోంచీ రాదు," అని ఐదో టిక్కు కూడా పెట్టాడు.

ఐదుగురూ చేరారు. నేను మొదటి క్లాసులోనే ఎఫ్ ఆఫ్ త్రీకీ మూడో అట్టకూ తేడా చెప్పాను. నేత ఇళ్ళ పిల్లలు నవ్వారు, మిగతావాళ్ళకు ఏమీ అర్థం కాలేదు. అభ్యర్థికి పరీక్ష మధ్యలో పాఠం చెప్పినందుకు మేస్త్రికి మెమో వచ్చింది. దాన్ని జేబులో పెట్టుకుని కొన్నాళ్ళు అందరికీ చూపించాడు. పాఠం చెప్పేదానికి జీతమిచ్చి, చెప్పితే మెమో ఇస్తారేందప్పా అని ఆయన బాధ. అసలు సంగతి విడమరిచి చెప్పాక కూడా ఆయనకు ఒకటే అర్థమైంది, ఆ పిల్ల ఒకేసారికి పట్టేసిందని. అందులో ఆయన పొరపాటు ఏమీ లేదు.

ఆ పరీక్ష గురించి నేను చాలా ఏళ్ళు గర్వంగానే చెప్పుకున్నాను. కొత్త ఇన్‌స్ట్రక్టర్లకు ఉదాహరణగా చెప్పేవాణ్ణి. జవాబు తప్పయినప్పుడు కొట్టేయకండి, ఆ తప్పు ఏ దారిలో వచ్చిందో చూడండి అని. ఇప్పటికీ ఆ మాట మీదే ఉన్నాను, కాకపోతే అప్పుడు నాకు కథ సగమే తెలుసు.

మిగతా సగం నా రిటైర్‌మెంట్ నాడు తెలిసింది. అప్పటికి రెండువేల పది దాటింది. సూపరింటెండెంటు అంతకు ముందే రిటైరై గుంటూరు వెళ్ళిపోయాడు. మేస్త్రి పోయాడు. శిక్షణ కేంద్రం హాల్లోనే చిన్న సభ, బిసిబేళెబాత్, మైసూరుపాక్. పాత విద్యార్థులు చాలామంది వచ్చారు. ఆ ఐదుగురిలో ఇద్దరు వచ్చారు. ఒకడు ఆ నాలుగో అబ్బాయి. కాడుగోడి దాటాక ఒక కంపెనీలో షిఫ్ట్ ఇన్‌చార్జి, కొంచెం పొట్ట వచ్చింది. రెండోది ఆ అమ్మాయి. మా కర్మాగారంలోనే కొలతల విభాగంలో సీనియర్. ఆమె సంతకం లేకుండా ఏ పార్టూ గేటు దాటదని చెప్పుకునేవాళ్ళు.

ప్లేట్లు పట్టుకుని నిలబడి ఉండగా ఎవరో పాత ప్రవేశ పరీక్ష మాట ఎత్తారు. నాలుగోవాడు గట్టిగా నవ్వాడు.

"ఇప్పుడు చెప్తే ఏమీ కాదు కదా సార్? ఆపొద్దు నేను నిజంగానే కాపీ కొట్టినా. మాది మగ్గం ఇల్లు కాదు, సోడా అంగడి. అట్టలు చదివేది నాకు యాడ వస్తాది? ముందర కూర్చున్న ఈయమ్మ పేపర్లో చూసి రాసేసినా. మళ్ళీ మీరు పిలిపిస్తే బెంచీ మీద ప్రాణం పోయె. ఎట్ల చదవాలని ఈయమ్మనే అడిగితే, ఎడమ పక్క అంకె చూసి ఆ వరసలో గీత తగిలిన గళ్ళు చెప్పేయమనె. అదే గొణుక్కుంటా లోపలికి వచ్చినా."

చుట్టూ ఉన్నవాళ్ళు పగలబడి నవ్వారు. నేనూ నవ్వాను, కానీ కొంచెం ఆలస్యంగా. కాపీ కొట్టినవాణ్ణి పట్టుకోవడానికి నేను తయారుచేసిన పరీక్షలో కాపీ కొట్టినవాడు బెదురు లేకుండా పాసైపోయాడు. మేము అనుకున్న జవాబే అతను చెప్పాడు కాబట్టి అతని వేలు ఎటు పోయిందో మేమిద్దరం చూడనే లేదు. కొట్టనిదాన్ని మాత్రం నిలబెట్టి ఏడిపించాం. ఈ సంగతి సూపరింటెండెంటుకు ఫోన్ చేసి చెప్పాలా వద్దా అని అక్కడే ఒక నిమిషం ఆలోచించి, ఆయన నిద్ర చెడగొట్టడం దేనికని మానుకున్నాను.

అతను మైసూరుపాక్ కోసం వెళ్ళాక అమ్మాయి నా పక్కనే మిగిలింది. అమ్మాయి అంటున్నాను కానీ అప్పటికి చెవుల దగ్గర ఒకటి రెండు వెంట్రుకలు తెల్లబడ్డాయి. వాడు నీది చూసి రాస్తున్నాడని నీకు హాల్లోనే తెలుసా అని అడిగాను. తెలుసంది. మరి ఆ రోజు సూపరింటెండెంటు నువ్వు కాపీ కొట్టావా అని నిలదీస్తే కొట్టలేదని ఎందుకు అనలేదు, అంత భయం వేసిందా అన్నాను.

"భయం కాదు సార్," అంది. "నేను చదివేదే సరి అనుకోని వానికి చెప్పి లోపలికి పంపిస్తిని. వాడు అట్ల పోయినాక మేస్త్రి సారు వచ్చి, అది తప్పు, ఇట్ల చదవాల అని చెప్పె. అంటే వానికి నేను తప్పు నేర్పించి పంపిస్తినే, నా వల్ల వాని సీటు పాయె అనుకున్నా. ఐదుమందిమి ఒకే బస్సులో వచ్చినాము. నాయన లేని పిల్లోడు, వాళ్ళమ్మకి ఏమి చెప్పాల? అదే తలలో తిరుగుతా ఉండె. సారు నన్ను అడిగింది చెవిన పడనే లేదు."

ఆ మౌనాన్ని ఆయన నేరం అని చదువుకున్నాడు. నేను భయం అని చదువుకున్నాను. గ్రాఫ్‌లు చదవడం రానివాళ్ళు గేటు లోపలికి రాకూడదని పరీక్ష పెట్టినవాళ్ళం మేము. నాకు నవ్వు రాలేదు.

హాలు అవతల అతను చేతులు తిప్పుతూ ఇంకెవరికో మళ్ళీ అదే కథ మొదలుపెట్టాడు. అక్కడ అప్పుడే నవ్వులు లేచాయి. ఈ మాట వాడికి ఎప్పుడైనా చెప్పావా అని అడిగాను.

"లేదు సార్," అంది ఆమె, అతనివైపే చూస్తూ. "ఎందుకు? వానికి అది నవ్వుకుంటా చెప్పుకునే కథ. అట్లే ఉండనీండి."